సగం అడుగు వెనక

జూన్ 4

పెద్దమ్మకు,

చేరాను. బస్సు దిగేసరికి వాన, హాస్టల్ గేటు దగ్గరికొచ్చేసరికి ఎండ. గేటు దగ్గరే అందరి ఫోన్లూ తీసుకుని, కవర్లలో పెట్టి, పేర్లు రాసి బీరువాలో పడేశారు. క్యాంపు అయ్యేదాకా ఇవ్వరట. అందుకే ఈ ఉత్తరం. బళ్లో 'సెలవు కోరుతూ ప్రధానోపాధ్యాయునికి లేఖ' రాశాక మళ్లీ నేను ఉత్తరం రాయడం ఇదే. తప్పులుంటే ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకు, నీకు పుణ్యముంటుంది.

ముందు ట్రాక్ గురించి చెప్పనీ. ఇన్నాళ్లూ నేను పరిగెత్తింది గోడౌను వెనక మట్టినేల మీద కదా. ఇక్కడిది ఇటుకరంగు రబ్బరు. కాలు వేస్తే నేల ఆ కాలుని మళ్లీ పైకి అందిస్తుంది. నిన్న సాయంత్రం ఎవరూ లేనప్పుడు బూట్లు విప్పి చేత్తో పట్టుకుని ఒక చుట్టు నడిచాను. పరీక్ష హాల్లో నడిచినట్టు, చప్పుడు చేయకుండా. తెల్లగీతలు ఎంత సూటిగా ఉన్నాయంటే, వాటి మధ్య నడుస్తుంటే నా వంకర కాళ్లు చూసి నాకే సిగ్గేసింది.

అరవై రెండు మందిమి వచ్చాం. ఆరుగురిని జట్టులోకి తీసుకుంటారు. నాకు ఇరవై మూడు నిండాయి, వచ్చే ఏడు వయసు దాటిపోతుంది. అంటే ఇదే ఆఖరు. గోడౌన్లో రెండు నెలల సెలవు ఇవ్వనంటే నువ్వొచ్చి మేనేజరుతో మాట్లాడావు చూడు, అది నేను మర్చిపోను.

ఒక్కటే బాధ. నోటీసు బోర్డంతా ఇంగ్లీషు. ట్రయల్స్ వచ్చే శనివారమట. హీట్స్, షార్ట్‌లిస్ట్, రిజర్వ్ అని ఏవేవో రాశారు. అందరూ తెలిసినట్టు తలలూపుతుంటే నేనూ ఊపాను. కోచ్ మేడమ్‌ని అడగాలంటే భయం. ఆవిడ మాట్లాడేటప్పుడు మన మొహం చూడదు, మోకాళ్లు చూస్తుంది.

అమ్మకి తింటున్నానని చెప్పు.

నీ పిడుగు


జూన్ 9

ఒసే పిడుగూ,

మీ అమ్మ నీ ఉత్తరాన్ని నాలుగుసార్లు చదివించుకుంది. నాలుగోసారి 'వంకర కాళ్లు' దగ్గర ఆపి, "దాని కాళ్లు వంకరని ఎవరన్నారక్కా?" అని నా మీదికే వచ్చింది.

ఇంగ్లీషు గురించి బెంగపెట్టుకోకు. ముప్పై ఒక్క ఏళ్లుగా కోర్టులో టైపు కొడుతున్నాను. నా వేళ్ల కింద నలగని ఇంగ్లీషు మాట లేదు. రాసుకో.

ట్రయల్ అంటే విచారణ. అందులో రెండు పక్షాలుండాలి. నీ ఎదుటి పక్షం గడియారం, అంతే. అది అబద్ధం చెప్పదు కాబట్టి నువ్వూ చెప్పకు. షార్ట్‌లిస్ట్ అంటే చిన్న జాబితా. మీ అమ్మ పొట్టివాళ్ల జాబితా అనుకుని, నువ్వు పొడుగు కదా, తీసేస్తారేమోనని కాసేపు కళ్లనీళ్లు పెట్టుకుంది. హీట్స్ అంటే వేడి. మిట్టమధ్యాహ్నం పరిగెత్తిస్తారన్నమాట. మీ అమ్మ మిషను మీద టోపీ కుట్టి ఇందులో పెట్టింది. పెట్టుకోకపోతే తనకి తెలిసిపోతుందంటోంది, ఎలాగో మరి.

ఇక రిజర్వ్. ఇది గొప్ప మాట. జడ్జిగారు రెండు పక్షాల వాదనా విని, వెంటనే తేల్చకుండా, ఇంటికెళ్లి నిదానంగా ఆలోచించి చెప్పాలనుకుంటే తీర్పు 'రిజర్వు' చేస్తారు. నేను చూసినంతలో బలమున్న కేసులకే అలా చేస్తారు. డొల్ల కేసులు అక్కడికక్కడే కొట్టేస్తారు.

మా కోర్టులో కొత్త జడ్జిగారు వచ్చారు. గొంతు మెత్తన, తీర్పులు పొడుగు. నా మణికట్టు వాచింది. అయినా శనివారం ఉదయం నీ కోసం రెండు వేళ్లూ ముడేసుకుని కూర్చుంటాను, ఒక్క అక్షరం కొట్టను.

నీ పెద్దమ్మ


జూన్ 15

పెద్దమ్మా,

ట్రయల్స్ అయిపోయాయి. హీట్స్‌లో రెండోదాన్నయ్యాను. హీట్ అంటే ఎండ కాదు, వడపోత పరుగు. టోపీ మాత్రం బాగుంది, అమ్మకి చెప్పు.

సాయంత్రం ఫైనల్ పెట్టారు. నాలుగొందల మీటర్లు, యాభై ఏడు పాయింట్ నాలుగు సెకన్లు. నా జన్మలో అంత వేగంగా నేనెప్పుడూ పరిగెత్తలేదు.

నన్ను రిజర్వ్‌లో పెట్టారు. ఇక క్యాంపు అయ్యేదాకా బెంచ్ మీద కూర్చోవడమే.

ఎక్కువ రాయలేను. అమ్మకి నువ్వే ఏదోలా చెప్పు.

పిడుగు


జూన్ 20

నా బంగారుకొండా,

ఏదోలా ఎందుకే? ఎలుగెత్తి చెప్పాను! నీ ఉత్తరం కోర్టుకి పట్టుకెళ్లి బెంచి క్లర్కుకి కూడా చూపించాను. రిజర్వ్‌లో పెట్టారంటే నీ కేసులో పస ఉన్నట్టే. పైగా బెంచ్ మీద కూర్చోబెట్టారా! మా దగ్గర బెంచ్ మీద కూర్చునేది జడ్జీలే. నీకేమో ఆ గొప్పతనం చెప్పుకోవడం కూడా రాదు, ఎవరో పోయినట్టు నాలుగు ముక్కలు రాసి పడేశావు. ఈ అణకువ నాకు నచ్చలేదు, మీ అమ్మ పోలిక.

అయితే రిజర్వు చేసిన తీర్పుతో ఒక చిక్కుంది. ఎవరూ గుర్తుచేయకపోతే అది అలా నెలలు పడుంటుంది. అందుకని నేనే ఒక పిటిషన్ తయారుచేశాను. మీ కోచ్ మేడమ్‌కి రిజిస్టర్డ్ పోస్టులో మొన్ననే వెళ్లిపోయింది. పదకొండు పేరాలు. కంప్యూటర్ మీద కాదు, నా పాత మిషను మీద కొట్టాను. మొదట ఇంగ్లీషులో మొదలుపెట్టాను. మూడో పేరాకే ఆగిపోయాను. నీ గురించి చెప్పడానికి నా ఇంగ్లీషు చాలలేదు. చింపేసి తెలుగులో కొట్టాను.

ఇక నిశ్చింతగా ఉండు. బెంచ్ మీద వెన్ను నిటారుగా పెట్టి కూర్చో.

గర్వంతో,
పెద్దమ్మ


జూన్ 27

పెద్దమ్మా! ఎంత పని చేశావు!

రిజర్వ్ అంటే తీర్పు వాయిదా కాదు. ఆరుగురిలో ఎవరి కాలైనా విరిగితే వాడుకోవడానికి అట్టేపెట్టిన మనిషి. బెంచ్ అంటే చెక్కబల్ల. మైదానం పక్కన ఉంటుంది. ఎంపికకానివాళ్లు దానిమీద కూర్చుని ఎంపికైనవాళ్ల తువ్వాళ్లు చూస్తుంటారు. నేను ఏడోదాన్నయ్యాను. ఆ మాట రాయడానికి చెయ్యి రాక నీకు ఆ రెండు ఇంగ్లీషు ముక్కలూ రాశాను. తప్పు నాదే.

సోమవారం కోచ్ మేడమ్ పిలిపించింది. బల్ల మీద నీ పిటిషన్. పదకొండు పేరాలూ, కింద నీ సంతకం, రబ్బరు స్టాంపు కూడా! భూమి చీలితే బావుణ్ననిపించింది.

"ఈ 'సదరు అమ్మాయి' నువ్వేనా?" అంది.

"మా పెద్దమ్మ మేడమ్. కోర్టులో టైపిస్టు. ఆవిడకి తెలీక..."

"ఏడో పేరా నిజమేనా?"

ఏముందో నాకు తెలీదు. ఆవిడే చదివి వినిపించింది. 'పిటిషనరుకు రెండు కళ్లకూ ఆపరేషను జరిగి నలభై రోజులు కట్లతో ఉన్న కాలమున, అప్పటికి తొమ్మిదేళ్ల వయసుగల సదరు అమ్మాయి పిటిషనరును ప్రతిదినమూ ఆసుపత్రికి చేయిపట్టి నడిపించినదనియు, గుంతనూ మెట్టునూ ముందుగా చెప్పినదనియు, పదవ దినము నుండి పిటిషనరుకు పడిపోదునన్న భయమే లేకపోయినదనియు మనవి.'

నేను తలూపాను. నాకు ఆ రోజులు లీలగా గుర్తు. నీకు భయం పోయిందన్న సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది.

కోచ్ మేడమ్ మొదటిసారి నా మోకాళ్లు కాకుండా మొహం చూసింది. "రేపు పొద్దున్న ఆరింటికి ట్రాక్ మీదికి రా" అంది.

వెళ్లాను. అక్కడ ఒకావిడ వంగి బూటుతాళ్లు కట్టుకుంటోంది. ముప్పై నాలుగేళ్లుంటాయి. ఆరో ఏట జ్వరమొచ్చి రెండు కళ్లూ పోయాయట. పెద్దాసుపత్రిలో టెలిఫోన్ ఆపరేటరు. నాలుగొందల నంబర్లు కంఠతా వచ్చు. అందరూ ఆపరేటరక్క అంటారు. చూపులేనివాళ్ల జట్టు ఎంపికకి వచ్చింది. ఆమె పక్కన పరిగెత్తే అమ్మాయి మోకాలు బెణికి ఇంటికెళ్లిపోయింది. ఆ పక్కన పరిగెత్తేవాళ్లని గైడ్ అంటారు.

నేను పేరు చెప్పబోతే, "పేరు తర్వాత. ముందు నడువమ్మాయ్, నీ నడక వినాలి" అంది. ఆమె ముందు అటూ ఇటూ నడిచాను. తల పక్కకి వంచి వింది. "ఎడమకాలు కాస్త గట్టిగా వేస్తావు. ఫర్వాలేదు, నాకదే గుర్తు."

మా ఇద్దరి చేతులకీ జానెడు తాడు. ఆమె కళ్లకి నల్లపట్టీ, అందరికీ సమానంగా ఉండాలని చూపు లేకపోయినా కట్టాలట. "లేన్ మధ్యలో ఉంచు. మలుపు వస్తే చెప్పు, అయిపోతే చెప్పు. మిగతాది నా పని" అంది. నేను నెమ్మదిగా తీసుకెళ్దామనుకున్నాను పెద్దమ్మా. పది అడుగులు వెయ్యగానే ఆమె వేగం అందుకుంది చూడూ! మలుపు దగ్గర నేను ఎప్పుడూ కొంచెం జంకుతాను, కళ్లున్నదాన్నై ఉండి. "మలుపు" అన్నాను. ఆమె జంకలేదు. నేను అన్న ఆ ఒక్క మాట మీద మొత్తం ఒంటి బరువు వేసి వంగింది. నా మాట మీద అంత బరువు ఇంతవరకూ ఎవరూ వెయ్యలేదు.

ఆగాక నేను వంగి మోకాళ్లు పట్టుకున్నాను. ఆమె మాత్రం మంచినీళ్లు తాగుతూ, "ఇప్పుడు చెప్పు నీ పేరు" అంది.

ఆమెకి గైడ్‌గా ఉండడానికి ఒప్పుకున్నాను. కోప్పడకు. నేనూ నీ మీద కోప్పడను.

పిడుగు


జూలై 3

పిడుగుకు,

బెంచి సంగతి కోర్టులో అందరికీ తెలిసిపోయింది. బెంచి క్లర్కు నవ్వలేదు, అదే ఎక్కువ బాధించింది.

అది పోనీ. నీకు చెప్పాల్సిన మాట చెబుతాను. ఏడో పేరా రాసినందుకు నా వేళ్లు నేనే విరుచుకోవాలనిపిస్తోంది. నేను రాసింది నిన్ను పరుగు పందెంలోకి తీసుకుంటారని. పక్కన పెట్టుకోవడానికి కాదు. నాకు తెలిసిన గైడంటే బస్సులో మైకు పట్టుకుని 'మీ కుడివైపు చూడండి' అనే మనిషి. గోడౌన్లో పెట్టెలు మోసి, పదేళ్లు పొద్దున్నే మట్టిలో పరిగెత్తి, నువ్వు దాచుకున్న ఆ కాళ్లు ఇంకొకరి గెలుపుకి ఊతకర్ర కావడానికా? గెలిస్తే పేరు ఎవరిది? జాబితాలో నీ పేరుంటుందా? ఉంటే ఏ మూల?

ఆవిడ మీద నాకేం కోపం లేదు. ఆవిడ ధైర్యం ఆవిడది. నా కోపమంతా నీ మీదే. ఓడిపోయిన బాధలో ఎవరు చెయ్యిచాస్తే వాళ్ల చెయ్యి పట్టుకున్నావు.

మా దగ్గర టైపిస్టు పోస్టు ఖాళీ అయింది. దరఖాస్తుకి ఇంకా ఇరవై రోజులు గడువుంది. నీ వేళ్లు చురుకైనవే. వచ్చెయ్యి.

మీ అమ్మ ఏమంటుందో రాయమంది. "దాన్ని అడుగు, పరిగెత్తేటప్పుడు సంతోషంగా ఉందా అని" అంటోంది. ఇలాంటి ప్రశ్నలకి దరఖాస్తు ఫారంలో గడి ఉండదు.

పెద్దమ్మ


జూలై 12

పెద్దమ్మకు,

ఈ ఉత్తరం కోపంలో రాస్తున్నాను. ఎవరి మీదో నాకే తెలీదు.

నిన్న మా మొదటి ట్రయల్. నాలుగు జంటలు, జంటకి రెండేసి లేన్లు. వేగం మాదే, నాలుగొందల మీటర్లు నిమిషం లోపలే. వంద మీటర్లుండగానే అందర్నీ దాటేశాం. నేను "యాభై... ముప్పై... పది" అని చెబుతూనే ఉన్నాను. గీత దగ్గరికొచ్చేసరికి నా ఒళ్లు నా మాట వినలేదు. పదేళ్ల అలవాటు, ఛాతీ ముందుకి తోసేశాను. నేను ఆమెకన్నా ముందు గీత దాటాను.

గైడ్ ముందు దాటకూడదు. అదొక్కటే ఘోరమైన తప్పు. సగం అడుగైనా సరే వెనకే ఉండాలి. ఎర్రజెండా ఎత్తారు. డిస్‌క్వాలిఫై. నన్ను కాదు, ఇద్దర్నీ. ఆమె తప్పేమీ లేకుండా ఆమె పరుగు మొత్తం కొట్టేశారు.

ఆమె గడ్డి మీద కూర్చుని బూటుతాళ్లు విప్పుకుంటోంది. నేను పక్కన నిలబడ్డాను.

"ఎంత?" అంది.

"జానెడు అక్కా."

"ఆ జానెడు నీ పదేళ్లు" అంది. కోపంగా కాదు, నంబరు చెప్పినట్టు. "ఈ నెలాఖరుకి ఇంకో ట్రయల్ ఉంది. అప్పటికి మానగలవా? మానలేనంటే ఇప్పుడే చెప్పు, తిట్టను. నేను వేరే మనిషిని వెతుక్కోవాలి."

మానతానన్నాను. ఇంకా మానలేదు. అందుకే కోపం.

ఇక నీ ప్రశ్నలు. జాబితాలో నా పేరుంటుంది. ఆమె పేరు కింద, చిన్న అక్షరాల్లో. నేనూ ఒకటి అడుగుతాను. ముప్పై ఒక్క ఏళ్లుగా తీర్పులు టైపు కొడుతున్నావు. మణికట్లు వాచేదాకా కొట్టావు. ఒక్కదాని కిందైనా నీ పేరుందా? నువ్వు కొట్టకపోతే వాటిలో ఒక్కటైనా బయటికొచ్చేదా? ఎప్పుడైనా నువ్వు ఊతకర్రననుకున్నావా?

అమ్మ అడిగినదానికి జవాబు, అవును.

ఉంటాను.


జూలై 18

అమ్మాయీ,

నీ ఉత్తరం అందిన రోజు అన్నం తిన్నాక నీ మీద కోపం వచ్చింది. మర్నాడు నా మీద వచ్చింది. మూడో రోజు కోర్టుకెళ్లి ఒక విడాకుల తీర్పు కొడుతుంటే నీ ప్రశ్న గుర్తొచ్చింది. పదహారు పేజీలు. ఆ ఇద్దరు మనుషులూ రేపట్నుంచి ఎలా బతకాలో ఆ పదహారు పేజీల్లో ఉంది. ఒక్క అక్షరం తప్పు పడకూడదని మళ్లీ మొదట్నుంచీ చదివాను. కింద నా పేరు లేదు. ఉండాలని ఎప్పుడూ అనిపించలేదు కూడా. నువ్వడిగేదాకా ఆ సంగతే నాకు తెలీదు.

తర్వాత ఒక పిచ్చిపని చేశాను. మీ అమ్మకి చెప్పలేదు, నీకు చెబుతున్నాను.

మధ్యాహ్నం భోజనాల వేళ రికార్డు రూము వరండా ఖాళీగా ఉంటుంది. నునుపైన గచ్చు, రెండు వైపులా గోడ, అడ్డం ఏమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా నడుస్తున్న దారి. కళ్లు మూసుకుని నడిచి చూద్దామనుకున్నాను. పరుగు కాదు, నడకే. ఆరు అడుగులు వేశాను. ఏడోది పడలేదు. ముందు ఏమీ లేదని తెలుసు. అయినా ఏదో ఉందనే ఒళ్లంతా చెబుతోంది. చేతులు వాటంతటవే ముందుకొచ్చాయి. కళ్లు తెరిస్తే బెంచి క్లర్కు ఫైళ్లు పట్టుకుని నిలబడి చూస్తున్నాడు. "ఒంట్లో బాగుందా అమ్మా?" అన్నాడు.

నలభై రోజులు కట్లతో ఉన్నదాన్ని. అయినా ఏడో అడుగు వెయ్యలేకపోయాను. మరి అప్పుడెలా నడిచాను? నీ చెయ్యి ఉంది కదా, అందుకని. ఆవిడ ఆ చీకట్లో నాలుగు వందల మీటర్లు నిమిషం లోపల పరిగెత్తుతుందా? అది తలుచుకుంటే నాకు వరండాలోనే కూర్చోవాలనిపించింది. ఇన్నేళ్లు బతికి, మనిషి ఇంత చేయగలదని నాకు తెలీలేదు.

ఆ టైపిస్టు పోస్టు గడువు దాటిపోనీ. ఆ జానెడు మానుకో. నేను ఒకసారి 'కాదు' అనే మాట విడిచిపెట్టి తీర్పు కొట్టాను, ఒక మనిషి జైలుకి పోబోయాడు. నా అదృష్టం బావుండి సంతకానికి ముందే జడ్జిగారు పట్టుకున్నారు. ఆ రోజు నుంచి 'కాదు' అనే మాట వస్తే నా వేలు ఆగి, చూసుకుని, అప్పుడు పడుతుంది. అలవాటు మారుతుంది. భయపడితే కాదు, లెక్కపెట్టుకుని చేస్తే.

పెద్దమ్మ


జూలై 25

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆపరేటరక్కకి చదివి వినిపించాను. వరండా దగ్గర నవ్వింది. 'ఏడో అడుగు' దగ్గర నవ్వడం మానేసి, "ఆవిడ ఆరు వేసిందా? మొదటిసారి నేను రెండే వేశాను" అంది.

నువ్వు చెప్పినట్టే లెక్కపెడుతున్నాం. చివరి ఇరవై మీటర్లలో నా అడుగులు పది. ఎనిమిదో అడుగు దగ్గర కుడిభుజం వెనక్కి తీయాలి. రోజుకి నలభైసార్లు గీత దాకా వెళ్లి, ఎనిమిది దగ్గర భుజం తీసి, ఆమెని ముందు పంపిస్తున్నాను. ముందుకి తోసుకోవడమే కష్టమనుకున్నాను ఇన్నాళ్లూ. శక్తి ఉండి, గీత కళ్లెదుట ఉండి, ఆగడం ఎంత కష్టమో ఎవరూ చెప్పలేదు.

నిన్న ఇద్దరం చుట్టు పూర్తిచేశాక ఆమె, "నాకు ఇవాళ తాడు ఉన్నట్టే తెలీలేదు" అంది. నాకూ తెలీలేదు. ఆమె ఊపిరి తీసినప్పుడే నేనూ తీస్తున్నాను. ఆ మాట ఆమెతో అనలేదు, ఇద్దరికీ తెలిసిన సంగతేగా.

30వ తేదీ ట్రయల్. ఒక్క జంటనే తీసుకుంటారు. పొద్దున్నుంచీ టోపీ ఆమె పెట్టుకుని తిరుగుతోంది, తనకే కుట్టారంటోంది. అమ్మకి చెప్పు, ఇంకోటి కుట్టాలి.

నీ పిడుగు


ఆగస్టు 1

పిడుగుకు,

నీకు చెప్పకుండా ట్రయల్‌కి వచ్చాను. చెబితే నీ చూపు గ్యాలరీ వైపు పోతుందని భయం. మీ అమ్మ రానంది, "నేను చూస్తే అరుస్తాను" అంది. మర్నాడు కోర్టుందని సాయంత్రం బస్సుకే వెనక్కి వచ్చేశాను. నీ ముందుకి వచ్చి నిలబడితే మాట్లాడలేకపోయేదాన్ని, అది కూడా ఒక కారణం.

నాకు ఆటలు తెలీవు. చూసింది చూసినట్టు రాస్తాను.

మైకులో ఎవరో చెప్పారు, పరిగెత్తేవాళ్లకి గైడ్ గొంతు వినపడాలి కాబట్టి ఎవరూ అరవొద్దని. అన్ని వందలమంది ఒక్కసారిగా నోరు మూసుకున్నారు. జడ్జిగారు తీర్పు చదివేటప్పుడు కూడా మా కోర్టులో ఎవరో ఒకరు దగ్గుతారు. ఇక్కడ దగ్గు కూడా లేదు. ఎవరిదో చంటిపిల్ల ఏడవబోతే తల్లి గుండెలకి హత్తుకుంది. తుపాకీ పేలింది.

ఆ నిశ్శబ్దంలో ఎనిమిది మంది కాళ్ల చప్పుడు, నాలుగు గొంతులు. అంతే. అన్నిట్లోకీ నీది నేను గుర్తుపట్టాను. "మలుపు... మలుపు... సూటి" అంటున్నావు. ఆవిడ నీ పక్కన ఉంది. నిన్ను నేను ఎన్నోసార్లు చూశాను పరిగెత్తుతుంటే. అలా ఎప్పుడూ చూడలేదు. ఇద్దరు మనుషులు కారు మీరు. ఒకే జంతువు, నాలుగు కాళ్లది, తల ఎత్తి వస్తున్నట్టుంది. పక్కన కూర్చున్న పెద్దాయన, "ఆ అమ్మాయి మీకేమవుతుంది?" అని మెల్లిగా అడిగాడు. ఏమవుతుందో చెప్పడానికి నాకే తెలీలేదు ఆ క్షణాన.

ఆఖరి మలుపు తిరిగేసరికి మీరు మూడో జంట. ఆవిడ ఒకర్ని దాటింది. ఇంకొకర్ని సమంగా అందుకుంది. అప్పుడు నీ గొంతు ఆగిపోయింది. "ఇరవై" అన్నావు, ఆ తర్వాత ఏమీ లేదు. కాలు మడత పడిందా, ఊపిరి అందలేదా? ఆవిడ ఇప్పుడు ఏం చేస్తుంది? మాట లేదు, చూపు లేదు. వరండాలో నా ఏడో అడుగు గుర్తొచ్చి లేచి నిలబడ్డాను.

ఆవిడ తగ్గలేదు.

నీ భుజం వెనక్కి పోవడం చూశాను. ఆవిడ ఛాతీ గీతకి తగలడం చూశాను. నువ్వు ఆవిడ వెనక సగం అడుగులో ఉన్నావు. గ్యాలరీ అంతా ఒక్కసారిగా అరిచింది. నేనూ అరిచాను, నాకు అంత గొంతుందని తెలీదు.

అయితే ఒక సంగతి నాకు అర్థం కాలేదు. గీత దాటిపోయింది, మిగతా జంటలు ఆగిపోయాయి, అందరూ చప్పట్లు కొడుతున్నారు. మీరిద్దరూ ఆగలేదు. అదే వేగంతో, మళ్లీ మలుపు దాకా, యాభై అరవై మీటర్లు పరిగెత్తుతూనే ఉన్నారు. ఎందుకు? ఇంకేదైనా నియమం ఉందా? బస్సులో ఇంటిదాకా అదే ఆలోచించాను. మీ అమ్మ కూడా అదే అడుగుతోంది.

ఫలితం బోర్డు మీద పెట్టేదాకా ఉండలేకపోయాను. రాయి.

చూసినదాని భారం ఇంకా దిగలేదు.

పెద్దమ్మ


ఆగస్టు 6

పెద్దమ్మకు, అమ్మకు,

వచ్చావా! ఆ అరుపుల్లో నీది కూడా ఉందా! ఆపరేటరక్కకి చెబితే, "నేను విన్నాను. ఎడంవైపు పైన, ఒకావిడ కోర్టులో పిలిచినట్టు అరిచింది" అంటోంది. నిజమో, నన్ను ఆటపట్టిస్తోందో తెలీదు.

ఎంపికయ్యాం. బోర్డు మీద ఆమె పేరు, దాని కింద నా పేరు. చిన్న అక్షరాలే. దగ్గరికెళ్లి చదివాను, దూరంగా వెళ్లి చదివాను, రెండు చోట్లా కనిపించింది. వచ్చే నెల జట్టుతో పోటీలకి వెళ్తున్నాం. గోడౌనుకి ఉత్తరం రాసేశాను.

నీ ప్రశ్నకి జవాబు. నియమం ఏమీ లేదు.

ఇరవై అన్నాక నా గొంతు పోయింది. కాళ్లున్నాయి, అడుగులు లెక్కపెడుతున్నాను, మాట మాత్రం రావడం లేదు. నోరు తెరిస్తే గాలి. నేను మాట్లాడకపోతే ఆమె తగ్గాలి. ఎవరైనా తగ్గుతారు. పక్కన ఉన్నదాన్ని, కళ్లున్నదాన్ని, నాకే భయమేసింది. ఆమె నా మాట లేకుండా, ఏమీ లేని దాంట్లోకి అంతే వేగంతో వెళ్లింది. అలాంటిది నేను ఇంతకుముందు చూడలేదు పెద్దమ్మా. అంత దగ్గర్నుంచి ఇంకెవరూ చూసి ఉండరు కూడా. ఎనిమిదో అడుగుకి భుజం తీశాను. గీత ఆమె కింద నుంచి వెళ్లిపోయింది, ఆ తర్వాత నా కింద నుంచి.

ఆమె ఆగలేదు. తాడు కొంచెం లాగితే ఆగేది. లాగబుద్ధి కాలేదు. జనం అరుస్తున్నారు, మిగతావాళ్లు ఎక్కడో వెనక ఉండిపోయారు, మా ముందు ఖాళీ ట్రాక్. ఆమె ఇంకా గెలవడానికే పరిగెత్తుతోంది. నేను పక్కనే పరిగెత్తాను, ఏడుస్తూ.

మలుపు మొదట్లో నాకు మాట వచ్చింది. "అక్కా, దాటాం" అన్నాను.

"ఎప్పుడు?"

"చాలాసేపైంది. అరుపులు వినపళ్లేదా?"

"వినపడ్డాయి" అంది రొప్పుతూ. "అరుపులు ఎవరికోసమైనా అరుస్తారు. నువ్వు చెప్పలేదుగా."

అప్పుడు ఆగింది.

మీ పిడుగు